వల కింద నీళ్ళు

మా రమామణక్క ఇల్లు హైడెల్‌బర్గ్ ఊరికి కాస్త పైన, కొండ వాలు మీద ఉంటుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద నది, దాని మీద వంతెన కనపడతాయి. పెరటి వైపు తలుపు తీస్తే ఈతకొలను. మా బావగారు భాస్కరమూర్తిగారు ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా చేసిన రోజుల్లో కట్టించుకున్నారు. అక్క మా పెదనాన్నగారి కూతురు. ఆవిడకి జబ్బు చేసినప్పుడు వండిపెట్టడానికీ, మంచం దగ్గర సాయానికీ నన్ను పిలిపించారు. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. వచ్చేశాను.

కొలనుకి ఏటా చలికాలం ముందు మూత వేస్తారు. మూతంటే రేకు కాదు, ముదురాకుపచ్చ వల. అల్లిక ఎంత సన్నమంటే ఆకు పైనే ఆగిపోతుంది, వాన నీళ్ళు మాత్రం కిందికి దిగిపోతాయి. పొరపాటున ఎవరైనా దాని మీద అడుగేసినా మునిగిపోరు, మనిషిని ఆపుతుంది. వల చుట్టూ పట్టీలు, పట్టీల చివర ఇనప స్ప్రింగులు ఉంటాయి. గట్టు రాళ్ళలో ఇత్తడి మరలు దిగ్గొట్టి ఉంచారు. చిన్న తాళంచెవి పెట్టి తిప్పితే అవి పైకి లేస్తాయి. స్ప్రింగుల్ని వాటికి తగిలించి, ఇనప గొట్టంతో గుంజాలి. అచ్చం నవారు మంచం బిగించినట్టే.

అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇటొకరు, అటొకరు ఉండాలి. నేను వచ్చిన ఏడు అక్కా బావగారే వేసుకున్నారు. అక్క లోతు వైపు గట్టు మీద నిలబడింది, ఒళ్ళు బాగోకపోయినా వినకుండా.

"పట్టుకున్నావుటే?" అన్నారు బావగారు.

"పట్టుకుని అరగంటైంది. ముందు మీరు లాగండి."

"లాగితే నీళ్ళలో పడతావు."

"పడితే తీస్తారుగా డాక్టరుగారూ!"

నేను మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ నవ్వుకున్నాను. వాళ్ళు మాట్లాడుకోవడం చూస్తే నాకు సంతోషంగా ఉండేది.

ఈ జూన్‌లో అక్క పోయింది. పోయే ముందు ఆసుపత్రి మంచం మీద నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి పుల్లలా ఉంది, పట్టు మాత్రం గట్టిది.

"నన్ను గోదాట్లో కలపమనవే మంగా. నిలవ నీళ్ళలో వద్దు. పారే నీళ్ళలో పోవాలి నేను."

"అలాగేనక్కా," అన్నాను. మాట ఇచ్చింది నేనే.

ఇక్కడ అస్థికలు ఇంటికి ఇవ్వరట, శ్మశానంలోనే పెట్టాలిట. ఇండియాకి తీసుకెళ్తామని కాగితాలు రాసిస్తే బావగారి చేతికి ఇచ్చారు. ఆయనకేమో గుండె జబ్బు, విమానం ఎక్కొద్దన్నారు. కొడుకు నీల్ బ్రెమెన్‌లో విమానాల కంపెనీలో ఇంజనీరు. ఇప్పట్లో సెలవు దొరకదన్నాడు. అప్పుడు బావగారు నన్నడిగారు.

"నువ్వు పట్టుకెళ్తావా మంగా?"

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. మధ్యలో విమానం మారాలి. ఒక్కదాన్ని, చేతిలో అక్క కుండ పట్టుకుని, ఎవరేం అడిగినా ఏమని చెప్పను? వచ్చేటప్పుడు నీల్ చెయ్యి పట్టుకుని నడిపించాడు.

"నాకు భయం బావగారూ," అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు.

జూలైలో ఓ సాయంత్రం పంచె కట్టుకుని, కుండ పట్టుకుని పెరట్లోకి వచ్చారు. పూజగదిలో కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు ఉండేది, మాటు వేసిన చిన్న రాగి చెంబు. దాని మాటు ఊడదీసి గంగని కొలనులో పోశారు.

"గంగ కలిస్తే ఏ నీళ్ళైనా గంగే. మోటారు తిరుగుతోంది చూడు, నీళ్ళు పారుతూనే ఉన్నాయి," అన్నారు. నాతో అన్నారో, తనకి తాను చెప్పుకున్నారో.

మోటారు నీళ్ళని ఒక గోడలోంచి లాగి ఇంకో గోడలోంచి వదులుతుంది. వెళ్ళిన నీళ్ళే తిరిగి వస్తాయి. గోదావరి అలా తిరిగి రాదు కదా, అనుకున్నాను. అనుకున్నానంతే. ఆయన కుండ వంచారు. బూడిద కాసేపు తెల్లగా తేలి, మెల్లిగా లాక్కున్నట్టు ఆ గోడ కన్నంలోకి పోయింది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఆ మర్నాటి నుంచి బావగారు రోజూ పొద్దున్నే ఈతకి దిగేవారు. ఆగస్టులో దిగారు, సెప్టెంబరులో దిగారు. అక్టోబరులో నీళ్ళు మంచులా ఉన్నా దిగారు. బయటికి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉండేవి, మొహం మాత్రం విచ్చుకునేది. ఆయన ఒంటి నుంచి ఒక వాసన వచ్చేది. కొలనులో వేసే మందు వాసన కాదు. మండుతున్న కట్టెల పొయ్యిలో చెంబెడు నీళ్ళు పోస్తే వస్తుందే, ఆ వాసన. తువ్వాళ్ళు రెండుసార్లు ఉతికినా పోయేది కాదు.

నవంబరులో నీల్ ఫోన్ చేశాడు. ఫోన్ బల్ల మీద పెట్టి మాట్లాడతారు కాబట్టి నాకూ వినపడింది.

"నాన్నా, వచ్చే వారం మైనస్ ఫైవ్ అంటున్నారు. ఇంకా పూల్ క్లోజ్ చెయ్యలేదా? పైపులు పగుల్తాయి. కంపెనీ వాళ్ళని పంపనా?"

"వద్దు. నేనూ పిన్నీ వేస్తాం."

ఫోన్ పెట్టాక నేనే ధైర్యం చేసి అడిగాను. "ఏటా మూరెడు నీళ్ళు తీసేవారు కదండీ?"

"తీస్తే ఎక్కడికి పోతాయి? డ్రైనేజీలోకి. మీ అక్కని డ్రైనేజీలో పొయ్యమంటావా?"

బల్ల మీది గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. నది మీద నుంచి పొగమంచు కొండ ఎక్కుతోంది. బావగారు మోటారు గదిలోకి వెళ్ళి మీట నొక్కారు.

చప్పుడు ఆగిపోయింది. వేసవి అంతా రాత్రీ పగలూ వింటున్న చప్పుడు కదా, ఆగాకే అది అంత పెద్దదని తెలిసింది. చెట్ల మీద నుంచి నీటి చుక్కలు పడటం కూడా వినిపించింది. కొలనులో నీళ్ళు అంచు దాకా ఉన్నాయి, అద్దంలా. ఒక్క ఆకు కూడా కదల్లేదు.

బావగారు గట్టు దాకా వచ్చి చూశారు. "ఆగిపోయింది," అన్నారు మెల్లిగా.

వల ఈడ్చుకొచ్చి పరిచాం. ఆయన ఆ పొడుగు గట్టు, నేను ఈ పొడుగు గట్టు. తడిసిన వల బరువు. లోతు తక్కువున్న మెట్ల వైపు మూలల్లో ముందు తగిలించి, ఒక్కొక్క పట్టీ ఎదురెదురుగా బిగించుకుంటూ లోతు వైపు నడవాలి.

"పట్టుకో మంగా."

"పట్టుకున్నానండీ."

ఆయన గొట్టంతో గుంజుతారు, స్ప్రింగు కీచుమంటుంది. నేను గుంజుతాను. సగం దూరం వచ్చేసరికి నా చేతుల్లో పని తేలికైంది. వల దానంతటదే లోతు వైపుకి సాగుతోంది. లాగాల్సిన అవసరమే లేదు... ఊరికే తగిలించుకుంటూ పోతున్నాను. తడిసి సాగుతోంది కాబోలనుకున్నాను.

లోతు వైపు గట్టుకి చేరాం. అక్కడ నాలుగు పట్టీలుండాలి.

నాలుగూ తగిలించే ఉన్నాయి.

"ఇవి మీరు పెట్టారా బావగారూ?"

"నువ్వు పెట్టలేదూ?"

అక్కడ మరలు పైకి తిప్పలేదు కూడా. తాళంచెవి నా స్వెట్టరు జేబులో ఉంది. నేను ఆ గట్టుకి రావడం అప్పుడే.

బావగారు వంగి ఒక స్ప్రింగు మీద చెయ్యి వేసి చూశారు. బిగుతుగా ఉంది. ఆయన నవ్వారు. అయిదు నెలలుగా ఆ నవ్వు వినలేదు నేను.

"మీ అక్క ఎప్పుడూ ఇటువైపేగా నిలబడేది," అన్నారు.

ఇంక అక్కడ నిలబడలేదు. గబగబా ఇంట్లోకి వచ్చేశాను. ఏదైనా పని కావాలి. పొయ్యి మీద చారు పెట్టాను. అయిదు కూడా కాలేదు, బయట చీకటి పడిపోయింది. ఈ దేశంలో నవంబరు సాయంత్రం అలాగే వస్తుంది, ఎవరో దుప్పటి కప్పినట్టు.

బావగారు చెప్పులేసుకుంటున్నారు.

"ఓసారి చూసొస్తా."

"చారు కాగిందండీ. తిని వెళ్ళకూడదూ?"

"వచ్చి తింటా."

ఆయన తలుపు దాటారు. మా వైపు బయటికి వెళ్తున్న మనిషిని వెనక నుంచి పిలవం. ఎక్కడికని అడగం. పిలిస్తే కీడంటారు. చిన్నప్పుడు పిలిచినందుకు మా నాయనమ్మ నెత్తి మీద మొట్టింది. గొంతు దాకా వచ్చిన మాటని అక్కడే మింగాను.

కాసేపటికి పెరటి తలుపు అద్దంలోంచి చూశాను. గోడ దీపం వెలుతురులో ఆయన కొలను దగ్గర నిలబడి ఉన్నారు. చెప్పులు విప్పారు. పక్కపక్కన సర్దిపెట్టారు, గుడి బయట పెట్టినట్టు. వల మీదికి అడుగేశారు.

వల కొంచెం దిగింది. ఆపింది. ఆయన మెల్లిగా నడిచి మధ్యలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. అడుగున నీళ్ళు మరీ పైదాకా ఉన్నాయి కదా, వల సందుల్లోంచి ఉబికి ఆయన పంట్లాం తడుస్తోంది.

అప్పుడు వినిపించింది. టిక్... టిక్... స్ప్రింగు చప్పుడు. ఒకటి తరవాత ఒకటి, గట్టు చుట్టూ. ఎవరో ఒక్కొక్క పట్టీనీ వేలితో మీటుతూ నడుస్తున్నట్టు. గట్టు మీద ఎవరూ లేరు.

తలుపు తీశాను. ఆ వాసన... పొయ్యి ఆర్పిన వాసన ముఖాన కొట్టింది.

"బావగారూ..."

"ఉష్." ఆయన తల తిప్పలేదు. చెవి వలకి ఆనించారు. "మాట్లాడుతోంది."

నాకేం వినపడలేదు. ఆయన గుసగుసలే వినపడ్డాయి.

"చలేస్తోందా? ...ఆఁ. ...ఆపక తప్పలేదే, పైపులు పగులుతాయన్నాడు వాడు."

చెవి ఇంకాస్త ఆనించారు. మళ్ళీ అన్నారు.

"ఊపిరాడట్లేదా?"

ఆయన చెయ్యి చాచిన చోట వల పైకి లేచింది. గాలి లేదు. కింద నుంచి పైకి... ఒక్క చోటే... గుప్పిటంత ఎత్తున లేచి, ఆయన అరచేతిని తాకి, ఆగింది.

"మంగా," అన్నారు. గొంతు మామూలుగా ఉంది, మంచినీళ్ళు అడిగినట్టు. "ఆ తాళంచెవి ఇలా ఇయ్యి. ఒక్క పట్టీ వదులు చేస్తాను."

నా చెయ్యి జేబులోనే ఉంది. తాళంచెవి వేళ్ళ మధ్య చల్లగా తగులుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి గానీ, మరే మగవాడికి గానీ కాదని చెప్పి ఎరగను.

"ఇవ్వను," అన్నాను. "ఇవ్వనండీ. లోపలికి రండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. జాలి ఉంది. తరవాత వల మీద బోర్లా పడుకుని చెంప ఆనించారు, మంచం మీద పక్కకి ఒత్తిగిలినట్టు.

లోపలికి పరిగెత్తాను. నీల్‌కి ఫోన్ కలపాలి. అంకెలు చదవడం వచ్చు, కానీ వేళ్ళు ఒకదాని బదులు ఇంకోటి నొక్కాయి. రెండోసారికి కలిసింది. "నాన్న కొలను మీద పడుకున్నారు, రమ్మంటే రావట్లేదు," అన్నాను. "వాట్?" అన్నాడు. "మనుషుల్ని పంపు బాబూ," అని ఫోన్ వదిలేసి పరిగెత్తుకొచ్చాను.

రెండు నిమిషాలు. మూడు కాదు.

వల మీద ఆయన లేరు.

చెప్పులున్నాయి. వల సాపుగా, బిగుతుగా ఉంది. ఇంట్లోకి వెళ్ళారేమో అనుకున్నాను, ఆ ఒక్క క్షణం. అప్పుడు వల కింద తెల్లగా ఏదో కదిలింది.

ఆయన స్వెట్టరు.

వల మీదికి పాక్కుంటూ వెళ్ళాను. ఆయన ముఖం కింద నుంచి వలకి ఆనుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాయి. ఒట్టు, చూశాయి. నోరు కదిలింది. నేను గోళ్ళతో వలని రక్కాను. తెగలేదు. గట్టు మీదికి వచ్చి తాళంచెవి పెట్టి మర తిప్పాను. తిరగలేదు. గొట్టం పెట్టి స్ప్రింగు గుంజాను. నేను ఇటు గుంజుతుంటే... అటు నుంచి గుంజుతోంది. ఇంకో పట్టీ పట్టుకున్నాను. అదీ అంతే. ఇంకోటి. ఇంకోటి...

మళ్ళీ ఆయన దగ్గరికి పాకాను. అరచేతులు వల మీద పెట్టాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చాయి.

వెచ్చగా ఉన్నాయి.

ఆయన నోరు కదలడం ఆగింది. ముఖం వల నుంచి విడిపోయి కిందికి జారింది, నిదానంగా, తొందరేమీ లేనట్టు.

ఫైరు వాళ్ళు వచ్చి వల కోశారు. లోతు వైపు అడుగున దొరికారు. పోలీసులు గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి పట్టీలన్నీ లెక్కపెట్టారు. అన్నీ తగిలించే ఉన్నాయి. నన్నేదో అడిగారు. నాకు అర్థం కాలేదు. తెల్లారి నీల్ వచ్చాక మళ్ళీ అడిగారు. నీల్ చాలాసేపు నా మొహం చూసి తెలుగులో చెప్పాడు.

"పిన్నీ, నాన్న కిందికి వెళ్ళాక పట్టీలు ఎవరు తగిలించారని అడుగుతున్నారు."

"నేను కాదు బాబూ."

"తాళంచెవి నీ జేబులోనే ఉంది కదా."

"ఇవ్వలేదు. అందుకే ఇవ్వలేదు..."

జరిగిందంతా చెప్పాలనుకున్నాను. అక్క మాట, గంగ చెంబు, ఆ నాలుగు పట్టీలు. ఆ పిల్లాడి కళ్ళు చూశాక నోరు మూతపడిపోయింది. వాడు వాళ్ళకేం చెప్పాడో తెలీదు. ప్రమాదమని రాసుకుని వెళ్ళారు.

కంపెనీ వాళ్ళు వచ్చి కోసిన చోట కుట్టి, వల మళ్ళీ బిగించారు. నీళ్ళు తియ్యడం, కడగడం అంతా మార్చిలో చూద్దామన్నాడు నీల్. ఇల్లు అమ్మనన్నాడు. భార్య లీల, కూతురు సరయుతో ఇక్కడికే వచ్చేస్తానన్నాడు. "నువ్వూ ఉండు పిన్నీ," అన్నాడు. ఆప్యాయంగా ఉండమనడంలా లేదు, కళ్ళ ముందు ఉంచుకుంటానన్నట్టు ఉంది.

ఇది జరిగి అయిదు వారాలు. నిన్నంతా మంచు కురిసింది. ఇవాళ పొద్దున్న తలుపు తీస్తే పెరడంతా తెలుపు. మెట్లు, గట్టు, వల అన్నీ ఒకటైపోయాయి. నేను స్టీలు సీసా తీసుకుని బయల్దేరాను. వల నొక్కితే కాసిని నీళ్ళు పైకొస్తాయి, అవి పట్టుకుందామని. సీసా పట్టుకుని ఎలాగో ఒకలా, విమానం ఎన్ని చోట్ల మారాల్సొచ్చినా సరే, గోదారి దాకా వెళ్దామని. అక్కకిచ్చిన మాట ఇప్పుడైనా.

గట్టు దగ్గరే ఆగిపోయాను. మంచులో రెండు చోట్ల కరిగి ఉంది. పక్కపక్కన రెండు గుంటలు, ఒక్కోటి మనిషి ముఖమంత. కింద నుంచి కరిగినట్టు అంచులు లోపలికి వంగి ఉన్నాయి. వాటిలో నల్లగా నీళ్ళు. ఇంత చలికి గోడవార బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. ఇవి కట్టలేదు. సన్నగా ఆవిరి లేస్తోంది.

సీసా అక్కడే వదిలేసి వచ్చి నీల్‌కి ఫోన్ చేశాను. ఈసారి వేళ్ళు తప్పలేదు.

"పిన్నీ, దారిలో ఉన్నాం. కాసెల్ దాటేశాం. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు."

వెనక నుంచి సరయు గొంతు. ఆరేళ్ళ పిల్ల, జర్మన్‌లో ఏదో గలగలా అంటోంది. మధ్యలో "మంగ ఓమా", అంటే మంగ మామ్మ, అన్న మాటొక్కటే నాకు తెలిసింది.

"పూల్ మీద మంచు పడిందా, దాని మీద ఆడుకోవచ్చా అని అడుగుతోంది," అని నవ్వాడు నీల్.

"తీసుకురావద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెద్దగా ఉంది. "బాబూ, నా మాట విను. పాపని తీసుకురావద్దు. వెనక్కి తిప్పు. మీ అమ్మ వెళ్ళలేదు. నాన్నా వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నారు."

అవతల లీల మెల్లిగా ఏదో అంది.

"పిన్నీ," అన్నాడు నీల్, నెమ్మదిగా, జబ్బు మనిషితో మాట్లాడినట్టు. "ఒక్కదానివే ఉండి బాగా భయపడ్డావు. ఏదైనా వేడిగా తాగు. మేం వచ్చాక ఒక డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుందాం. సరేనా?"

పెట్టేశాడు.

చీపురు తీసుకుని మళ్ళీ బయటికి వెళ్ళాను. పిల్ల చూడకముందే మంచు తోసి ఆ గుంటలు కప్పెయ్యాలని. గట్టు దగ్గర వంగాను.

ఇందాక రెండే ఉన్నాయి. ఇప్పుడు మూడు. మూడోది ఆ రెంటి మధ్యన, చిన్నది. నా అరచేత్తో మూస్తే మూసుకుపోయేంత. దానిలో ఇంకా నీళ్ళు రాలేదు. అంచున మంచు కరుగుతూ... మెల్లిగా లోపలికి దిగుతోంది.